మా స్పాట్‌లో చీపురు

సాయంత్రం పనయ్యాక ఎక్కడికెళ్తావ్ అని ఎవరన్నా అడిగితే స్కేటింగ్‌కి అంటా, వాళ్ళు వెంటనే గాల్లో ఎగిరి గిరగిరా తిరిగేవాళ్ళని ఊహించుకుని నా పొట్ట వైపు ఓసారి చూసి ఊరుకుంటారు. అసలు సంగతి చెప్తే ఇంకా నవ్వుతారేమో, రెండు గంటలు అక్కడుంటే బోర్డు మీద నిలబడేది మహా అయితే ఇరవై నిమిషాలు, మిగతాదంతా ఊడవడం, కూర్చోవడం, నట్లు బిగించుకోవడం, ఎవడో ఒకే ట్రిక్ నలభైసార్లు ట్రై చేస్తుంటే చూస్తూ ఉండటం, వాడు పడితే లేపడం, మళ్ళీ కూర్చోవడం. ఐదేళ్ళ నుంచి ఇదే తంతు. నన్నడిగితే స్కేట్‌బోర్డింగ్‌లో ఎక్కువ భాగం ఆ కూర్చున్న టైమే, వీడియోల్లో అది కట్ చేసేస్తారు కాబట్టి బయటోళ్ళకి తెలీదంతే.

మా స్పాట్‌లో, అంటే మేం రోజూ ఆడే చోట, ఒక చీపురుంది. స్తంభం వెనకాల గోడకి ఆనించి ఉంటది. ఎవరు తెచ్చారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు, అందులో ఇద్దరు ఇప్పుడు రావట్లేదు కూడా. ముందొచ్చినోడు ఊడవాలి. ఇది ఎక్కడా రాసిలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు, మొదటి నెలంతా నేను వచ్చేసరికి నేల శుభ్రంగా ఉండేది, అది దానంతటదే అలా ఉంటుందనుకున్నా. ఒకరోజు మాత్రం అందరికన్నా ముందొచ్చి, చీపురు జోలికి పోకుండా నేరుగా బోర్డు ఎక్కేశా. కాలితో నేలని తోస్తూ నాలుగు పుష్‌లు కొట్టానో లేదో బోర్డు టక్కున ఆగిపోయింది, నేను ఆగలేదు. మోచెయ్యి, తొడ పక్కన, అరచెయ్యి, మూడు చోట్లా చర్మం లేచిపోయింది. లేచి వెనక్కొచ్చి చూస్తే చక్రం ముందు కందిగింజంత రాయి. అంతే. అంత చిన్న రాయికి అంత పెద్ద మనిషి.

ఎందుకలా అంటే స్ట్రీట్ స్కేటింగ్ చక్రాలు చిన్నవి, అటూ ఇటూగా 52 మిల్లీమీటర్లు, పైగా బాగా గట్టివి, గట్టిదనం కొలతలో 99ఎ ఆ పైన ఉంటయి. గట్టిగా ఉంటేనే స్లైడ్ అవుతాయి, ట్రిక్‌కి బాగుంటాయి, కానీ రాయి మీదకి ఎక్కవు, దాన్ని ముందుకి నెట్టుకుంటూ పోయి ఒకచోట ఇరుక్కుని ఆగిపోతాయి. 78ఎ లాంటి మెత్తటి పెద్ద చక్రాలైతే రాయిని మింగేసి పోతాయి, అందుకే ఊరికే రోడ్డు మీద తిరగడానికి అవి వేసుకుంటారు. ఇదే ఎక్కువనుకుంటే 1970ల ముందు వాళ్ళ సంగతి ఇంకా ఘోరం, అప్పట్లో చక్రాలు ఇనుపవి, తర్వాత మట్టి మిశ్రమంతో చేసినవి, ఇసక రేణువు తగిలినా మనిషి ఎగిరి అవతల పడేవాడంట. 70ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే ఆయన యూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలు స్కేట్‌బోర్డుకి తెచ్చాడు, అది రాకపోతే ఈ ఆట అప్పుడే అటకెక్కేది. నేను పడ్డ రోజు సాయంత్రం ఈ కథంతా చెప్పింది మా స్పాట్‌లో అందరికన్నా పెద్దాయన, చెప్తూ చెప్తూనే చీపురు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట తిట్టలేదు. అప్పట్నుంచి నేను ముందొస్తే నేనే.

నేను మొదలుపెట్టింది ముప్ఫై ఒకటో ఏట. ఇది చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంటది, ఎందుకంటే స్పాట్‌లో సగం మంది మీసం కూడా రానివాళ్ళు. సెకండ్ హ్యాండ్ బోర్డు కొనుక్కుని మూడు రోజులు దాన్ని బ్యాగులోనే పెట్టుకుని మెట్ల మీద కూర్చుని చూసొచ్చా, తియ్యడానికి ధైర్యం చాల్లేదు. నాలుగో రోజు పక్కన కూర్చున్న కుర్రాడు, పదహారుంటాయేమో, "అన్నా బ్యాగులో ఉంది బోర్డే కదా, మూడ్రోజుల నుంచి చూస్తన్నా" అన్నాడు. దొరికిపోయా. తీశాక మొదట అడిగింది గూఫీనా రెగ్యులరా అని, నాకు అర్థం కాలేదు, అంటే కుడికాలు ముందా ఎడంకాలు ముందా అని. తెలీదన్నా. వెనక నుంచి వీపు మీద చిన్నగా తోశాడు, పడకుండా నా ఎడంకాలు ముందుకి పడింది, "రెగ్యులర్" అని తేల్చేశాడు. ఆ పద్ధతి అందరికీ పని చెయ్యదని తర్వాత తెలిసింది, నాకు మాత్రం కరెక్టే అయింది.

తర్వాత ముందుకాలితో తోస్తుంటే ఆపాడు. దాన్ని మోంగో అంటారు, ముందుకాలు నేల మీద, వెనక్కాలు బోర్డు మీద పెట్టి నడపడం, అలా అలవాటైతే తోసిన ప్రతిసారీ కాలు వెనక్కి తెచ్చి సర్దుకోవాలి, ట్రిక్‌కి టైమ్ ఉండదు. "ఇప్పుడే మార్చుకో అన్నా, తర్వాత మారదు" అన్నాడు. వారం పట్టింది. వాడికి నా పేరు ఆర్నెల్ల దాకా తెలీదు. నాకు వాడి పేరూ అంతే. స్పాట్‌లో పేరు కన్నా ముందు మనం దేని మీద కష్టపడుతున్నామో తెలుస్తుంది, "ఆ హీల్‌ఫ్లిప్ నేర్చుకుంటున్నోడు", "ఆ నల్ల హెల్మెట్ అన్న", ఇలా. నేను చాలాకాలం "ఆలీ రాని అన్న"ని.

ఆలీ గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే నా జీవితంలో మూడు నెలలు దానికే పోయాయి. చేతులు పెట్టకుండా బోర్డుతో సహా పైకి ఎగరడం, అదీ ఆలీ అంటే. చూసినోళ్ళకి కాళ్ళకి ఏదో అంటించుకున్నట్టే ఉంటది. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే స్కేటర్ బౌల్‌లో, అంటే గిన్నెలా కట్టిన గుంతలో, గోడల మీద ఇది చేశాడు, ఆయన ముద్దుపేరే ఆ ట్రిక్‌కి పేరైంది. తర్వాత 80ల మొదట్లో రాడ్నీ మల్లెన్ దాన్ని చదునైన నేల మీదకి తెచ్చాడు, అక్కడి నుంచే వీధిలో ఉన్న మెట్టు, గట్టు, రెయిలింగు అన్నీ స్కేట్ చెయ్యదగ్గవైపోయాయి. ఈ రోజు మేం చేసే దాంట్లో ముప్పావు వంతు ఆ ఒక్క దాని మీదే నిలబడింది.

చెప్పడానికి సులువే. వెనక్కాలు మునివేళ్ళు టెయిల్ మీద, అంటే బోర్డు వెనక చివర మీద, ముందుకాలు బోర్డు మధ్యకి కొంచెం ముందు. టెయిల్‌ని నేలకి టప్‌మని కొట్టాలి, కొట్టిన ఆ క్షణంలోనే ఎగరాలి, ముందుకాలి పాదం పక్కకి వంచి బోర్డు పైన అంటించిన గరుకు గ్రిప్ టేప్ మీద రుద్దుకుంటూ బోర్డు ముక్కు దాకా లాగాలి, అప్పుడు వెనక భాగం లేచి బోర్డు చదునవుద్ది. నేనేం చేసేవాణ్ణంటే టెయిల్ కొట్టేవాణ్ణి, ఎగిరేవాణ్ణి కాదు. అంటే ఎగురుతున్నా అనుకునేవాణ్ణి. వీడియో తీసి చూపించారు, వెనక్కాలు నేలకి అతుక్కుపోయి ఉంది, ముందుకాలు మాత్రం కుక్క గోడ దగ్గర ఎత్తినట్టు లేచింది, అందరూ పడిపడి నవ్వారు, నేనూ నవ్వా, ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. ఇంకొకాయన చెప్పాడు, నువ్వు భయపడి బరువంతా వెనక్కి వేస్తున్నావ్, భుజాలు బోర్డు మీదే ఉంచు అని. ఇంకొకామె చెప్పింది, ముందు బోర్డు లేకుండా నేల మీద ఎగురు, రెండు మోకాళ్ళూ ఛాతీ దాకా రావాలి, అది రాకుండా ఇది రాదు అని. అది అసలు మందు. వారం రోజులు ఇంట్లో ఎగిరా, కింద ఇంటివాళ్ళు పైకొచ్చి అడిగే దాకా.

మూడో నెలలో ఒక సాయంత్రం ఆలీ వచ్చింది. ఎంతెత్తు అనకండి, నీళ్ళ సీసా మూత ఎత్తు. నాలుగు చక్రాలూ ఒక్కసారే నేల వదిలాయి, ఒక్కసారే కిందికి వచ్చాయి, ఆ చప్పుడు వేరు, రెండు చప్పుళ్ళు బదులు ఒకే చప్పుడు. నాకన్నా ముందు మిగతావాళ్ళకి తెలిసింది, ఎందుకంటే చూడకుండానే ఆ చప్పుడు గుర్తుపడతారు. మెట్ల మీద కూర్చున్న ఏడెనిమిది మంది ఒక్కసారి బోర్డులు నేలకేసి కొట్టడం మొదలుపెట్టారు. మా దగ్గర చప్పట్లుండవు, బోర్డు తోకతో నేల మీద టకటకా కొట్టడమే చప్పట్లు. అక్కడే మెట్ల గ్యాప్ మీద నుంచి కిక్‌ఫ్లిప్, అంటే గాల్లో బోర్డుని కాళ్ళ కింద ఒక చుట్టు తిప్పడం, చేసే కుర్రాడు నిమిషం కిందటే పడకుండా దిగాడు, వాడికి రెండు టకటకలే పడ్డాయి, నా మూత ఎత్తు ఆలీకి మోత మోగిపోయింది. దీని లెక్క ఏంటంటే ట్రిక్ ఎంత పెద్దది అని కాదు, ఆ మనిషి ఎన్నాళ్ళుగా దాని వెనక పడుతున్నాడో అందరూ చూసి ఉంటారు కదా, దానికి.

1999లో ఎక్స్ గేమ్స్ అనే పోటీల్లో టోనీ హాక్ అనే స్కేటర్ 900 అనే ట్రిక్ చేసి పడకుండా దిగిన వీడియో చూసుంటారు, గాల్లో రెండున్నర చుట్లు. అందులో నాకు నచ్చేది తిరగడం కాదు. టైమ్ అయిపోయినా పోటీ అయిపోయిందని ఎవరూ ఆయన్ని దింపలేదు, మిగతా పోటీదారులు తమ టర్న్‌లు మానేసి రాంప్ పైన నిలబడి చూస్తున్నారు, ఆయన పడుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు. ప్రపంచమంతా దాన్ని రికార్డు అంటది, నాకది మా మెట్ల మీద రోజూ జరిగేదే, కాకపోతే మా దాంట్లో రెండున్నర చుట్లుండవు.

రాయని రూల్స్ ఇంకొన్ని ఉన్నాయి. ఒకడు లైన్, అంటే వరసగా ట్రిక్కులు, మొదలుపెట్టాక మధ్యలో దూరకూడదు, దాన్ని స్నేకింగ్ అంటారు, తెలీక చేస్తే ఊరుకుంటారు, రెండోసారి చేస్తే చూపుల్తో చంపేస్తారు. బోర్డు జారి ఎవరి మీదకన్నా పోతుంటే గట్టిగా "బోర్డ్" అని అరవాలి. ఎవడన్నా ఒక ట్రిక్ మీద గంట నుంచి ఉంటే ఆ గట్టు వాడికొదిలెయ్యాలి. గట్టుకి మైనం రాస్తే రాసిన సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతోడు మామూలుగా వచ్చి జర్రున జారి నడుం విరగ్గొట్టుకుంటాడు, ఇది అనుభవం మీద చెప్తున్నా, ఆ మైనం రాసినోడు ఇప్పటికీ నేను కాదంటాడు.

శనివారాలు గేమ్ ఆఫ్ స్కేట్ ఆడతాం. ఒకడు ట్రిక్ చేస్తాడు, మిగతావాళ్ళు అదే చెయ్యాలి, రాకపోతే ఒక అక్షరం పడుద్ది, ఎస్, కె, ఎ, టి, ఇ, ఐదూ పడితే అవుట్. ఆఖరి అక్షరానికి మాత్రం రెండు ఛాన్సులు. నాకు సాధారణంగా ఐదు అక్షరాలూ చకచకా పడిపోతాయి, అయినా ప్రతివారం ఆడిస్తారు. ఒకసారి మాత్రం బోర్డు మీద నుంచి దిగి దాన్ని కాలితో తిప్పి మళ్ళీ ఎక్కే పాత కాలపు ట్రిక్ ఒకటి చేశా, మెట్ల గ్యాప్ దూకే కుర్రాళ్ళు ముగ్గురికి అది రాలేదు, ముగ్గురికీ అక్షరాలు పడ్డాయి. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళిన తీరు మీరు చూడాల్సింది.

ఇక సామాను. స్కేటింగ్ అంటే ఖర్చు కనపడకుండా తినే ఆట. డెక్ అంటే ఏడు పొరల మేపుల్ చెక్క అంటించి వంచింది, రోజూ టెయిల్ నేలకేసి కొడుతుంటే అంచు అరిగి అరిగి కత్తిలా తయారవుద్ది, తర్వాత కొడితే ఆ ఫట్‌మనే చప్పుడు పోయి తడి గుడ్డ నేలకేసి కొట్టినట్టు వస్తుంది, అప్పుడు అయిపోయినట్టే. బూట్లైతే ఇంకా దారుణం, ఆలీ లాగే చోట, చిటికెన వేలి పక్కన, గ్రిప్ టేప్ ఉప్పుకాగితం లాంటిది కదా, అక్కడ కన్నం పడుద్ది. జిగురు పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూసి నెట్టుకొస్తాం. అందుకే స్పాట్‌లో ఏదీ పారెయ్యరు. గట్టు చివర ఒక పాత ప్లాస్టిక్ డబ్బా ఉంది, అందులో వాడేసిన బేరింగులు, బోల్టులు, వాషర్లు, సగం అరిగిన బుషింగులు. ఇరుసు నట్టు ఊడిపోతే అందులో వెతుక్కోడమే. ఒక్క బోర్డుకి ఎనిమిది బేరింగులు, చక్రానికి రెండు, అన్నీ ఒకే సైజు, 608 అంటారు, బయటి కొలత 22 మిల్లీమీటర్లు, ఎవరివైనా ఎవరికైనా సరిపోతాయి. అసలు ఈ సైజులన్నీ ఒకటే కాబట్టే ఒకరి సామాను ఇంకొకరికి పనికొస్తుంది, అది మన మంచితనమే అనుకోవక్కర్లేదు.

నా రెండో డెక్ నాది కాదు. స్పాట్‌లో బాగా ఆడేవాడు ఒకడు రెండు నెలలు వాడి పక్కన పెట్టేసింది, వాడి లెక్కలో దాని పాప్, అంటే ఆ ఫట్‌మని ఎగిరే ఊపు, పోయింది, నాకు ఇంకా పాప్ అంటేనే తెలీదు. మొహమాటపడ్డా. "తీసుకో అన్నా, నాక్కూడా ఇలాగే ఇచ్చారు" అని ట్రక్కులు, అంటే డెక్ కింద చక్రాల ఇరుసులుండే భాగాలు, వాడే మార్చి పెట్టాడు. గ్రిప్ టేప్ వెయ్యడం ఆ రోజే నేర్చుకున్నా, మధ్యలోంచి నొక్కుకుంటూ అంచులకి గాలి తోసెయ్యాలి, తర్వాత స్క్రూడ్రైవర్ కడ్డీతో అంచు చుట్టూ గీకాలి, తెల్ల గీత పడేదాకా, అప్పుడు బ్లేడు ఆ గీత వెంట పెట్టి కోస్తే పండు తొక్క వచ్చినట్టు ఒకే ముక్కగా వచ్చేస్తుంది. ఆ కోసిన ముక్కలు కూడా డబ్బాలో వేస్తారు. ఎందుకు అని అడిగా, ఎందుకో ఒకందుకు పనికొస్తాయన్నాడు. ఆ డెక్ నేను ఏడు నెలలు వాడి ఇంకొకరికిచ్చా, అప్పటికి అది బోర్డు కన్నా బిస్కెట్టులా ఉంది, అయినా ఆ పిల్లాడి కళ్ళు మెరిసిపోయాయి.

స్పాట్ మాది అంటున్నా గానీ మాది కాదు. మూసేసిన బిల్డింగు ముందున్న ఖాళీ ప్లేసు, నున్నటి నేల, మోకాలెత్తు గట్టు, ఐదు మెట్లు. వాచ్‌మన్ మారినప్పుడల్లా కథ మొదటికొస్తుంది. మొదటివాడు కర్ర తీసుకుని వచ్చేవాడు, రెండో ఆయన చూసీ చూడనట్టుండేవాడు, మూడో ఆయన కూర్చుని చూస్తూ "నిన్న అది బాగా దూకావు కదరా, ఇవాళేమైంది" అని విసిగించేవాడు. మాకూ తప్పుంది, మైనం రాసిన చోట గట్టు నల్లబడుద్ది, అంచులు చెక్కు లేస్తాయి, అది కట్టించినోడికి కడుపు మండదా. ఒకరోజు పొద్దున వచ్చేసరికి గట్టుకి రెండడుగులకొకటి ఇనుప బుడిపెలు బిగించి ఉన్నాయి, మేం జారకుండా. ఎవరు వేయించారో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. రెండు వారాలు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. తర్వాత అవతల మూలలో వాడని కాంక్రీటు దిమ్మలు రెండు కలిపి, మధ్య సందు సిమెంటుతో పూడ్చి, అంచుకి ఇనుప యాంగిల్ పెట్టి మాదే ఒక గట్టు చేసుకున్నాం. కొంచెం వంకర. ఎడమవైపు నుంచి వస్తే బాగుంటది, కుడివైపు నుంచి వస్తే దేవుడే దిక్కు.

ఇలా సొంతంగా కట్టుకోడం మా తెలివేం కాదు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ అనే బ్రిడ్జి కింద 1990లో స్కేటర్లు పర్మిషన్ లేకుండానే కాంక్రీటు పోసుకోవడం మొదలుపెట్టారు, తర్వాత ఊరివాళ్ళే ఉండనీ అన్నారు, ఇప్పటికీ ఉంది. లండన్‌లో సౌత్‌బ్యాంక్ కింది భాగంలో 70ల నుంచి స్కేట్ చేస్తున్నారు, దాన్ని షాపులు చేద్దామని 2013లో ప్లాన్ వేస్తే అక్కడి స్కేటర్లు సంతకాలు పోగేసి, ఏడాదిన్నర పోరాడి 2014లో నిలబెట్టుకున్నారు. నార్వేలో అయితే 1978 నుంచి 1989 దాకా స్కేట్‌బోర్డు అమ్మడమే నేరం, వాడటమూ నేరమే, వాళ్ళు అడవుల్లోకి పోయి రాంపులు కట్టుకుని ఆడేవాళ్ళు. పదకొండేళ్ళు! మా ఇనుప బుడిపెల బాధ చెప్పుకుంటుంటే మా పెద్దాయన ఈ నార్వే కథ తీస్తాడు, ఆయన దగ్గర ప్రతి బాధకీ అంతకన్నా పెద్ద బాధ ఒకటి రెడీగా ఉంటుంది.

రెండేళ్ళ కిందట మణికట్టు విరిగింది. పెద్ద ట్రిక్కేం కాదు, ఊరికే తిరుగుతూ, ఎవరితోనో వెనక్కి చూసి మాట్లాడుతూ. పడేటప్పుడు చెయ్యి చాచి అరచేతి మీద పడ్డా, అలా పడకూడదని మొదటి వారమే నేర్పించారు, భుజం లోపలికి తిప్పుకుని దొర్లాలి అని, కానీ ఆ టైమ్‌కి చెయ్యి దాని పని అది చేసేస్తుంది. బొటనవేలి కింద చిన్న ఎముక, స్కేఫాయిడ్ అంట. బెణికిందేలే అని వారం రోజులు గుడ్డ చుట్టుకుని తిరిగా, అది నా తెలివితక్కువతనం, దానికి రక్తం సరఫరా తక్కువట, త్వరగా అతుక్కోదు, ఆలస్యం చేస్తే ఇంకా మొండికేస్తుంది. మొత్తం పది వారాలు కట్టు.

ఆ పది వారాలూ నేను స్పాట్‌కి వెళ్ళా. ఇంట్లో వాళ్ళకి పిచ్చెక్కింది, ఆడలేనివాడివి ఎందుకెళ్తున్నావ్ అని. ఏం చెప్పాలో తెలీక గాలికి అన్నా. నిజంగా ఏం చేశానంటే వీడియోలు తీశా, ఒంటిచేత్తో. స్కేట్ వీడియో తియ్యడం అంత తేలిక కాదు, కెమెరా పట్టుకున్నోడు కూడా బోర్డు మీదే వెనకాల పోతూ, ఫిష్‌ఐ లెన్స్ నేలకి ఆనించినట్టు పెట్టి, బోర్డుకి జానెడు దూరంలో ఉండాలి, నేను మాత్రం నడుస్తూ తీసేవాణ్ణి, సగం వీడియోల్లో తలలుండవు. ఒకడి ట్రిక్ కోసం వరసగా నాలుగు సాయంత్రాలు కూర్చున్నా. నాలుగో రోజు వాడు దిగాడు, నేను ఆ క్షణంలో సంతోషంతో ఎగిరి గంతేశా, ఫోన్ ఆకాశాన్ని తీసింది. వీడియోలో మబ్బులు, వెనకాల టకటకా బోర్డుల మోత, నా గొంతు "వచ్చిందిరోయ్" అని. వాడు నన్ను చంపేస్తాడనుకున్నా. ఇప్పటికీ అదే వాడి ఫోన్‌లో ఫేవరెట్ అంట, నాకు నమ్మకం లేదు గానీ డిలీట్ అయితే చెయ్యలేదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి, తియ్యగా రాసుకుంటూ పోతే అబద్ధం అవుద్ది. బాగా ఆడేవాళ్ళలో ఒకరిద్దరు కొత్తోళ్ళని పలకరించరు. వేసుకున్న బూట్లు చూసి మనిషిని అంచనా వేసే బ్యాచ్ ఒకటుంది. స్పీకర్ పెట్టుకొచ్చి ఎవరికీ వినపడకుండా చేసేవాడు ఒకడు. నిజమైన స్కేటర్ ఎవరు అనే చర్చ నెలకోసారి వస్తుంది, ఒలింపిక్స్‌లో పెట్టడం వల్ల పాడైపోయిందా బాగుపడిందా అని, అరుచుకుంటారు, రాత్రి ఎనిమిదయ్యాక అందరూ ఒకే దారిలో ఇంటికి పోతారు. అమ్మాయిలు చాలాకాలం రాలేదు, రావట్లేదని అనుకున్నాం గానీ వచ్చిన ఇద్దర్ని పదిమంది కళ్ళప్పగించి చూస్తుంటే మూడోరోజు ఎవరొస్తారు. నన్ను నేల మీద ఎగరమన్న ఆవిడే ఒకసారి ఆ మాట మొహం మీద అంది, వీడియో తియ్యడం, ట్రిక్ నేర్పిస్తా అని మీద పడటం ఆపండ్రా, ఊరికే ఉండండి చాలు అని. ఆ తర్వాత నెమ్మదిగా ఐదుగురయ్యారు.

ఒలింపిక్స్ సంగతికొస్తే నేను బాగుపడిందనే బ్యాచ్. 2021లో టోక్యోలో ఆడవాళ్ళ స్ట్రీట్ పోటీలో, అంటే మెట్లు, రెయిలింగుల మీద ఆడేదాంట్లో, గోల్డ్ కొట్టిన మొమిజి నిషియాకి పదమూడేళ్ళు, సిల్వర్ రైసా లియాల్, తనకీ పదమూడే. కానీ నాకు గుర్తుండిపోయింది ఓడిపోయిన అమ్మాయి. పార్క్ అని బౌల్‌లో ఆడే ఇంకో పోటీ ఉంటది, దాని ఫైనల్‌లో జపాన్ అమ్మాయి మిసుగు ఒకమోటో, ఆఖరి రన్‌లో పడిపోయింది, నాలుగో స్థానం, ఏడుస్తూ బయటికొచ్చింది, తనతో పోటీ పడ్డ వేరే దేశాల అమ్మాయిలు వచ్చి ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. మా మెట్ల మీద ఫోన్ చుట్టూ పన్నెండు మంది చేరి చూశాం. ఎవరూ ఏం మాట్లాడలేదు, ఒకడు మాత్రం బోర్డు తీసి నేలకేసి రెండుసార్లు కొట్టాడు, ఫోన్‌లో ఉన్నోళ్ళకి వినపడదని వాడికీ తెలుసు.

మా దగ్గర తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఉంది, అందరూ నన్ను అన్నా అంటే తను మాత్రం అంకుల్ అంటది, ఎంత చెప్పినా మార్చదు. గట్టు పక్కన మేం చేసుకున్న చిన్న చెక్క రాంప్ మీద నుంచి డ్రాప్ ఇన్ నేర్చుకుంటోంది. డ్రాప్ ఇన్ అంటే టెయిల్ అంచు మీద ఆనించి, బోర్డు గాల్లో ఉండగా ముందుకాలు పెట్టి, మొత్తం బరువు ముందుకి వేసి కిందకి దిగిపోవాలి. సగం మనసుతో చేస్తే వెనక్కి వెల్లకిలా పడతాం, అందులో మధ్యరకం లేదు. పైన నిలబడి పదిహేను నిమిషాలు కిందకి చూసింది. ఎవరూ తొందర పెట్టలేదు. నేను కింద చేతులు చాపి నిలబడ్డా. "అంకుల్, మీకు భయమేసిందా" అంది. "రెండు వారాలు పైన నిలబడి నిలబడి చెయ్యకుండానే వెనక్కొచ్చేసేవాణ్ణి" అన్నా, నిజమే చెప్పా. "రెండు వారాలా" అని నవ్వి, ఆ నవ్వుతోనే కాలు దబీమని వేసేసింది. దిగింది, నన్ను దాటేసింది, ఎలా ఆపాలో ఎవరూ నేర్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది, గడ్డిలోకి పోయి పడింది, లేచి చూసి మళ్ళీ నవ్వింది. మోత మామూలుగా లేదు ఆ రోజు.

గత నెల వారం పాటు వదలకుండా వాన. తడిలో ఆడకూడదు, చెక్క ఉబ్బుతుంది, బేరింగులు తుప్పు పడతాయి, నేల సబ్బు రాసినట్టు ఉంటుంది. రోజూ గ్రూపులో ఎవడో ఒకడు నేల ఫోటో పెట్టడం, ఆరిందా లేదా అని మిగతావాళ్ళు జూమ్ చేసి చూడ్డం. ఎనిమిదో రోజు ఎండ రాగానే పని తొందరగా ముగించుకుని పరిగెత్తా, ఇవాళ నేనే ముందు, ఊడ్చి పెట్టేద్దాం అనుకుంటూ. దూరం నుంచే చర్ చర్ మని చప్పుడు. పాప ఊడుస్తోంది. గాలివానకి చీపురు కర్ర మధ్యకి విరిగినట్టుంది, డబ్బాలో పడున్న గ్రిప్ టేప్ ముక్కలు తీసి విరిగిన చోట చుట్టూ మూడు వరసలు గట్టిగా చుట్టేసింది, పట్టు కూడా బాగా కుదిరింది. బోర్డు ఇంకా తియ్యలేదు, మెట్టు మీదే ఉంది.

నన్ను చూసి తలెత్తకుండానే, "అంకుల్, ఆ మూల ఆకులు మీరు చేత్తో తీసెయ్యండి, తడికి అంటుకుపోయాయి, చీపురుకి రావట్లేదు" అంది.